ఊడవని వాకిలి

“పంచదార చాల్లేదు” అన్నాడు రిసిమాటి.

సాసవోన వేసింది మూడు చెంచాలు. పెళ్ళయిన దగ్గర్నుంచీ మూడే. అయినా లేచి, ట్రక్కు పక్కన వేసిన బల్ల దగ్గరికి వెళ్ళింది. డబ్బా మూత తీసింది, మూసింది. ఏమీ వేయకుండానే తిరిగొచ్చింది. రెండు మోకాళ్ళూ ఇసకలో ఆనించి, ఎడమ చేత్తో కుడి మోచెయ్యి పట్టుకుని, మొగుడికి కప్పు మళ్ళీ అందించింది. తల వంచే ఉంచింది. వంచిన తలతోనే, పెదవులు పెద్దగా కదపకుండా చెప్పింది.

“మగవి మూడు. మంచు పడ్డాక వచ్చాయి. గుంటలో నీళ్ళు తాగి పడమటికి పోయాయి, చీమల పుట్టల వైపు. ఒకటి వెనక కుడికాలు ఈడుస్తోంది.”

రిసిమాటి ఒక గుక్క తాగాడు. “ఇప్పుడు బావుంది” అన్నాడు.

సింహాల్ని చూడ్డానికొచ్చిన అతిథులు ఫోటోలు తీసుకున్నారు. ఎండకి మొహం కందిన ఒకావిడ, ఆమె అలా ఎందుకు మోకరిల్లిందని దియోన్‌ని అడిగింది. దియోన్ ఈ క్యాంపు జీపులన్నిటికీ పెద్ద. తెల్లవాడే గాని మా భాష మాలాగే మాట్లాడతాడు, రిసిమాటి నేర్పిందే. అది వాళ్ళ మర్యాద అని చెప్పాడు ఆవిడకి. భర్తకి ఏది ఇచ్చినా అలాగే ఇస్తారని, ఇప్పటి పిల్లల్లో అది పోతోందని చెప్పాడు. ఆవిడ తన భర్త వైపు చూసి నవ్వింది.

టీలయ్యాక రిసిమాటి జీపు ముందు భాగాన బిగించిన చిన్న సీటెక్కి కూర్చున్నాడు, జాడలు చూసే ట్రాకర్ సీటు అది. కాసేపు నేల వైపు చూశాడు. వంగి చూశాడు. తర్వాత పడమటికి చెయ్యి ఎత్తాడు. జీపు అటే పోయింది. దూరాన ఇంజను ఆగిన చప్పుడుని బట్టి సింహాలు దొరికాయని సాసవోనకి తెలిసింది. ఆమె కప్పులు కడుగుతోంది. బూడిదతో తోమి, డ్రమ్ము కుళాయి కింద తొలిచి, బల్ల మీద బోర్లిస్తోంది. మధ్యాహ్నం అందరూ రిసిమాటి భుజం తడతారు. సాయంత్రం దుప్పట్లు ఇస్త్రీ చేస్తున్నప్పుడు బట్టల గదిలో ఆడవాళ్ళు, మీ ఆయన ఇవాళ కూడా భలే పట్టాడటగా అంటారు. అవును అంటుంది ఆమె.

నాలుగేళ్ళ కిందట ఒక చలికాలం పొద్దున్నే రిసిమాటి కంటికి మంచు పట్టింది. ఎండెక్కినా అది కరగలేదు. మొదట ఎవరికీ చెప్పలేదు. ఆమెకీ చెప్పలేదు. ఒకరోజు గది ముందు నడుస్తూ, నేల మీద పాకుతున్న పాముని చూడకుండా దాని మీదుగా దాటిపోయాడు. ఆమె చూసింది. అప్పుడడిగింది, ఎన్నాళ్ళయిందని. చలికాలం నుంచి అన్నాడు. ఆస్పత్రికి పదమంది. ఆస్పత్రి వాళ్ళు కాగితం రాస్తారు, కాగితం క్యాంపుకి వస్తుంది, కాగితం వచ్చాక నన్ను వంటింట్లో గిన్నెలు మొయ్యమంటారు అన్నాడు. అంతటితో ఆ మాట అయిపోయింది. మర్నాడు అడవిలో టీ ఇస్తుంటే, తల ఎత్తకుండా, “దారిలో ఏం చూశావు?” అని అడిగాడు. అప్పటినుంచీ అదే.

టీ సామాను ట్రక్కు జీపుల కన్నా గంట ముందు బయల్దేరుతుంది. ఆమె ట్రక్కు వెనక, గిన్నెల మధ్య, రోడ్డుకేసి కూర్చుంటుంది. తెలవారే వెలుగు ఏటవాలుగా పడి ఇసకలో ప్రతి గుంటా లేచి నిలబడే వేళ అది. జాడని నెత్తి మీంచి చూడకు, ఎండ ఎటునుంచి వస్తుందో దాని ఎదుటి నుంచి చూడు అనేవాడు వాళ్ళ నాన్న. ఆయనకి మగపిల్లల్లేరు. పశువుల వెనక ఆమెనే పంపాడు. పన్నెండేళ్ళు వచ్చేసరికి తప్పిపోయిన ఆవు ఏ పొద్దున ఎటు పోయిందో, దాని వెనక ఏది పోయిందో చెప్పేది. పెళ్ళి మాటలప్పుడు ఆ సంగతి ఎవరో మెచ్చుకోలుగానే అన్నారు. అత్త పెదవి విరిచింది. “పొదల్లో తిరిగిన పిల్లకి పొయ్యి దగ్గర కూర్చోవడం వచ్చా?” అంది. పెళ్ళయిన కొత్తలో ఒకసారి, దొడ్డి దగ్గర నక్క జాడని మామ కుక్కదంటుంటే ఆమె కాదంది. ఆ రాత్రి రిసిమాటి నెమ్మదిగానే చెప్పాడు. “ఈ ఇంట్లో జాడలు చూసేవాడు ఒకడున్నాడు. ఇద్దరక్కర్లేదు.” ఆయన ఎప్పుడూ చెయ్యి చేసుకోలేదు. తాగి రాలేదు. ఇంకొకత్తె దగ్గరికి పోలేదు. మంచి మొగుడని చెప్పుకోవడానికి ఊళ్ళో ఇంతకన్నా ఏమీ అడగరు. ఆమె కూడా అడగలేదు. కూతురు కులాని పెళ్ళై గనుల వైపు వెళ్ళిపోయాక గదిలో ఇద్దరే మిగిలారు. ఒక్కోరోజు పడుకునేముందు ఆమె లెక్క చూసుకునేది, ఇవాళ ఈయన నాతో మాట్లాడినవన్నీ సింహాల గురించే కదా అని. ఏ కాలు, ఎటు, ఎప్పుడు. మోకాళ్ళ నొప్పులు మొదలయ్యాయని ఆమె చెప్పి ఏడాది అయింది. ఆయన విన్నాడో లేదో తెలియదు. రోజుకి రెండుసార్లు పంచదార చాల్లేదంటూనే ఉన్నాడు.

ఇలా ఇంకా ఎన్నేళ్ళయినా జరిగేదే. సింహాల్లో గొడవ రాకపోతే.

ఎండువాగు గుంపు అని మేమనే గుంపులో ఆడవి ఐదు. వాటికి పెద్దదాన్ని అందరూ అవ్వ అనేవాళ్ళు. చిన్నప్పుడు ఉచ్చులో పడి దాని ఎడమ ముందు పాదంలో బయటి వేలు పక్కకి తిరిగిపోయింది. ఆ జాడ వేరే దేనిదీ కాదు. నల్ల జూలున్న మగవి రెండు ఆరేళ్ళుగా ఆ గుంపుని కాస్తున్నాయి. పోయిన చలికాలం ఉత్తరం నుంచి కుర్ర మగవి మూడు వచ్చాయి, అన్నదమ్ములు. వారం రోజులు అడవంతా అరుపులే. పాతవాటిలో ఒకటి చచ్చింది, ఒకటి పారిపోయింది. తర్వాత కొత్తవి పిల్లల మీద పడ్డాయి. అది వాటి పద్ధతి. పిల్లలు పోతే తల్లులు తొందరగా ఎదకొస్తాయి. మిగతా నాలుగు ఆడవీ పిల్లల్ని పోగొట్టుకుని, నెల తిరక్కుండా ఆ మూడింటితోనే తిరగడం మొదలెట్టాయి.

అతిథులకి ఇది చెప్పడం దియోన్‌కి ఇష్టం. ఆఫీసు గోడ మీద పెద్ద అట్ట ఉంది. దాని మీద ప్రతి సింహం మొహం ఫోటో, కింద పేరు, ఎవరికి ఎవరు పుట్టారో గీతలు. బలమైనవాటితో సర్దుకున్న ఆడవే బతుకుతాయని చెప్పేవాడు. బట్టల గదిలో రూలాని అనే కుర్రపిల్ల ఆ మాట విని నవ్వింది. “ఇది చెప్పడానికి అట్ట ఎందుకత్తా? మా పిన్నిని అడిగితే చెప్పదూ? మొగుడు మారాడు గాని ఆవిడ వండే సంకటి మారలేదు.” అందరూ నవ్వారు. సాసవోన కూడా నవ్వింది.

అవ్వ మాత్రం సర్దుకోలేదు. దాని పిల్లలు మూడు. మరీ పసివి కావు, మరీ ఎదిగినవీ కావు. వాటిని వెంటేసుకుని గుంపు వదిలేసింది. ఇది ఎవరూ కళ్ళతో చూడలేదు. సాసవోన జాడల్లో చదివింది. అవ్వ రాళ్ళున్న చోట్లే చూసుకుని నడిచింది. నీళ్ళ దగ్గరికి పట్టపగలే వచ్చింది, మగవి నిద్రపోయే వేళ. వేటాడటానికి తోడు లేదు. దానికి పద్నాలుగేళ్ళు. ఆ వయసు ఆడసింహం కూతుళ్ళు చంపిన దాన్ని తిని నీడన పడుకుంటుంది. ఆమె చూసినవన్నీ రిసిమాటికి చెప్పింది. రిసిమాటి దియోన్‌కి చెప్పాడు. దియోన్ అతిథులకి చెప్పాడు. వాళ్ళ కళ్ళు చెమ్మగిల్లాయి.

అలా ఉండగా సాసవోన పెత్తల్లి పోయింది. ఆమె ఎనిమిది రోజులు ఊళ్ళో ఉండాల్సి వచ్చింది. ఆ ఎనిమిది రోజుల్లో ఒక పొద్దున వాగు మలుపులో దుమ్ములగొండ్లు గోల చేశాయట. రిసిమాటి దిగి వెళ్ళాడు. వంగి నేల తడిమాడు. నెత్తురు, ఈడ్చిన గుర్తు, వెంట్రుకలు. పెద్ద పాదం జాడ ఒకటి వేలికి తగిలింది. లేచి నిలబడి, టోపీ తీసి, “అవ్వ పోయింది” అన్నాడు. దియోన్ తిరిగి అడగలేదు. రిసిమాటి చెప్పాడంటే చెప్పాడే. అట్ట మీద అవ్వ మొహానికీ దాని మూడు పిల్లల మొహాలకీ నల్లగీత కొట్టి తారీఖు వేశాడు. తల్లి పోయాక ఆ పిల్లలెలాగూ బతకవని.

సాసవోన తిరిగొచ్చిన ఆరువారాలకి టీ ట్రక్కు రిజర్వు అడవి దక్షిణపు కంచె వెంట పోయింది. అడవిపందులు తవ్విన గుంతలో కంచె అడుగు తీగ పైకి లేచి ఉంది. దాని ముందు, తడి ఇసకలో, పక్కకి తిరిగిన వేలు. వెనక మూడు పిల్లలు. కంచె అవతలికే గాని ఇవతలికి లేదు జాడ. ట్రక్కు మలుపు తిరిగేదాకా ఆమె ఆ చోటునే చూసింది. ఆ పొద్దున మోకరిల్లి కప్పు అందిస్తూ చెప్పింది. రిసిమాటి పంచదార సంగతి ఎత్తలేదు. టీ అంతా తాగేసి, కప్పు ఆమె చేతిలో పెట్టి లేచిపోయాడు. గదికొచ్చాక ఆమె మళ్ళీ చెప్పబోయింది.

“చచ్చిందని చెప్పాను” అన్నాడు. “చచ్చింది.”

అప్పుడామె ఊరుకుంది. పోనీ, కంచె దాటి వెళ్ళిపోయింది, ఎక్కడో ఒకచోట బతుకుతుంది, ఈయన మాట ఈయనకుంటుంది అనుకుంది. ఊరుకోవడం ఆమెకి కొత్త కాదు. కానీ ఆ మాట ఆ రోజునుంచీ ఆమెని వదల్లేదు. చూడనిదాన్ని చూశాననడం అబద్ధం. చూసినదాన్ని చూళ్ళేదనడం ఏమిటో ఆమెకి పేరు తెలియలేదు. నాన్న ఉంటే అడిగేది. ఎవరిని అడుగుతుంది? అడగాలంటే ముందు ఆయన కళ్ళ సంగతి చెప్పాలి. అది ఎవరికీ చెప్పనిది కనక, దానికి తగులుకున్నవన్నీ ఎవరికీ చెప్పరానివే అయ్యాయి. అలా ఒక్కొక్కటే పోగుపడి, బట్టల గదిలో పదిమంది మధ్య దుప్పటి మడత పెడుతూ, ఈ దుప్పటి రెండో కొస పట్టుకున్న పిల్లతో నేను చెప్పగలిగింది ఒక్కటీ లేదే అనుకునేది.

నెల చివర వారం రోజులు సెలవు. క్యాంపులో అతిథులు ఎక్కువున్నారని రిసిమాటి ఉండిపోయాడు. ఆమె కంచె అవతల ఊళ్ళో అత్త దగ్గరికి వెళ్ళింది. సెలవంటే అక్కడ నీళ్ళు మొయ్యడం, కట్టెలు కొట్టడం, మొక్కజొన్న దంచడం. తెలవారకముందే లేచి వాకిలి ఊడవడం. అత్త లేచేసరికి చీపురు గీతలు తప్ప వాకిట్లో ఇంకో గుర్తుండకూడదు. కోడలు బతికే ఉందనడానికి గుర్తు అదేనని మా వైపు ముసలమ్మలంటారు.

మంగళవారం పొద్దున ఊడుస్తూ ఊడుస్తూ దొడ్డి వైపు వచ్చి ఆగిపోయింది. ముళ్ళకంప ఒకచోట తొలిగి ఉంది. ఎర్రపెయ్య లేదు. ఆ పెయ్య తల్లి చచ్చిపోతే డబ్బాతో పాలు పట్టి పెంచింది సాసవోనే. ఈడ్చిన గుర్తు వాకిలి అంచు నుంచి చేలోకి పోయింది. ఆ గుర్తు పక్కన, ఎంత స్పష్టంగా అంటే కుండమీద ముద్ర కొట్టినట్టు, ఎడమ ముందు పాదం. పక్కకి తిరిగిన వేలు.

ఆమెకి పెయ్య కోసం ఏడుపొచ్చింది. తర్వాత ఇంట్లోకి వెళ్ళి బట్టలుతికే రేకు బేసిన్ తెచ్చి, ఆ జాడ మీద బోర్లించి, అంచుల మీద నాలుగు రాళ్ళు పెట్టింది. గాలికి, కోళ్ళకి పోకుండా. చుట్టూ చేతెడు మేర ఊడవకుండా వదిలేసింది.

మధ్యాహ్నానికి ఊరంతా తెలిసింది. పోయిన వారం రెండు గాడిదలు కూడా పోయాయి. మగవాళ్ళు పెద్ద ఇంటి ముందు చేరి మాట్లాడుకున్నారు. పొరుగింటావిడ వచ్చి చెప్పింది, జిల్లా ఆఫీసు వాళ్ళు రిజర్వుని అడిగారట, మీ సింహమేనా అని. రిజర్వు సింహమైతే రిజర్వు వాళ్ళే వచ్చి, మత్తుసూది వేసి పట్టుకెళ్ళాలి, పోయిన పశువులకి జవాబు చెప్పాలి. మాది కాదని క్యాంపు నుంచి కబురొచ్చిందట. మా అట్ట మీద ఉన్న సింహాలన్నీ లోపలే ఉన్నాయి, ఇది ఎక్కడిదో దారి తప్పి వచ్చింది అని. ఎవరిదీ కాని సింహాన్ని కాల్చొచ్చు. గురువారం పొద్దున తుపాకీ వాళ్ళు వస్తారు. పిల్లల్ని కూడానా అని అడిగింది సాసవోన. “వదిలితే పెద్దయ్యాక పూజ చేస్తాయా?” అంది పొరుగింటావిడ.

రాత్రి అన్నాల దగ్గర అత్తకి చెప్పింది. ఆ జాడ అవ్వది అని. అది చావలేదని. అత్తకి ఎనభై దాటాయి, చెవులు బానే పనిచేస్తాయి. వేరుశనగ పొడి వేసిన ఆకుకూర సంకటితో నెమ్మదిగా తింటూ వింది. ఏమీ అనలేదు. కొడుకు కళ్ళ సంగతి తల్లికి తెలుసని ఆ మౌనం వల్ల సాసవోనకి అర్థమైంది. ఎప్పటినుంచి తెలుసో.

బుధవారం ఆమె లేచేసరికి బయట చీపురు చప్పుడు. ముప్పై ఏళ్ళలో అత్త చీపురు పట్టడం ఆమె చూడలేదు. వంగిన నడుముని ఇంకా వంచి, ఒక చెయ్యి మోకాలి మీద పెట్టుకుని, అత్త దొడ్డి దగ్గర ఊడుస్తోంది. బేసిన్ గోడకి ఆనించి ఉంది. రాళ్ళు పక్కన పేర్చి ఉన్నాయి. అది ఉన్నచోట చీపురు గీతలు, దువ్వెనతో దువ్వినట్టు.

“ఇన్నేళ్ళొచ్చినా వాకిలి ఊడవడం రాలేదు నీకు” అంది అత్త.

“అది పెయ్యని చంపినదాని జాడ అత్తా. నీ పెయ్యని.”

“పెయ్య పోతే పోయింది. నా కొడుకు మాట పోకూడదు.” చీపురు ఆమె చేతికిచ్చింది. “నిన్ను చేసుకున్నప్పుడు చెప్పాను వాడికి, ఈ పిల్ల నేల కేసి చూసి నడుస్తుంది, ఒకరోజు నీ కాలికిందది చూస్తుంది అని. మిగతాది ఊడ్చెయ్.”

ఆమె మిగతాది ఊడ్చింది. నీళ్ళు తెచ్చి పెట్టింది. తర్వాత సంచి సర్దుకుని, సెలవు ఇంకా రెండ్రోజులు ఉండగానే, రిజర్వు గేటు వైపు నడిచింది.

రెండు గంటల నడక. దారిలో ఎవరూ కలవలేదు. ఇసకలో తన జాడే తనకి తోడు. ఆ సింహం మీద జాలా నాకు అని తనని తానే అడిగింది. కాదు. అది తన పెయ్యని తిన్నది. ఎదురుపడితే తననీ తింటుంది. ఊళ్ళో వాళ్ళకి కోపం ఉండటం న్యాయం. కానీ దాన్ని చంపబోతున్నది పెయ్యని తిన్నందుకు కాదు. అది చచ్చిపోయిందని ఒకాయన చెప్పినందుకు. ఒకాయన చెప్పింది తప్పని తెలిసిన మనిషి, ఆ ఒకాయనకి టీ ఇచ్చే మనిషి కనక. బతికున్నదాన్ని చచ్చిందని గోడ మీద రాసేస్తే, అది తిరుగుతున్నా, తింటున్నా, పిల్లల్ని సాకుతున్నా ఎవరికీ కనపడదు. అది ఎలా ఉంటుందో ఆమెకి కొంత తెలుసు. ఆ మాట తట్టినప్పుడు సిగ్గేసింది, అడవి జంతువుతో పోల్చుకుంటున్నానేమిటని. నడక వేగం పెంచింది.

క్యాంపు చేరేసరికి మధ్యాహ్నం. జీపులు పొద్దుటి తిరుగుడు ముగించి ఆగే వేళ. రిసిమాటి గదిలో గోడకానుకుని రేడియో వింటున్నాడు. అడుగుల చప్పుడు విని, “ముందే వచ్చావే” అన్నాడు.

“కులాని నాన్నా, అవ్వ మన దొడ్లోకి వచ్చింది. ఎర్రపెయ్యని తీసుకుపోయింది.”

“ఏ అవ్వ?”

“నీకు తెలుసు.”

ఆయన రేడియో ఆపాడు.

“రేపు పొద్దున కాలుస్తారు దాన్ని” అంది.

“కాలిస్తే నా మాట నిజమవుతుంది.”

ఆమె సంచి కిందపెట్టి గడప దగ్గర కూర్చుంది. పొరపాటు పడ్డానని చెప్పెయ్, ఎవరు పడరు, దియోన్ నీ పిల్లాడిలాంటివాడే కదా అంది. రిసిమాటి అరచేతులు రెండూ మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చున్నాడు. ఆ చేతుల్ని చూస్తే ఆమెకి ఆయన వయసు ఒక్కసారిగా కనిపించింది. ఒకటి తప్పంటే మిగతావి కూడా తిరగదోడతారన్నాడు. ఎలా తప్పావని అడుగుతారు. ఏం చూశావని అడుగుతారు. నలభై ఏళ్ళు ఆ సీటు మీద కూర్చున్నాను, దిగితే ఎక్కడ కూర్చోవాలో నాకు తెలియదు అన్నాడు. అంత పెద్ద మాట ఆయన ఎప్పుడూ అనలేదు. ఆమె మనసు కరిగింది. లేచి వెళ్ళి పక్కన కూర్చుంది.

“నువ్వే నా కళ్ళు” అన్నాడు రిసిమాటి.

ముప్పై ఏళ్ళుగా ఇలాంటి మాట ఒకటి వస్తుందేమోనని ఆమె ఎదురుచూసింది. వచ్చింది. దాని వెనక ఇంకేం వస్తుందోనని ఆగింది.

“కళ్ళు మాట్లాడవు” అన్నాడు.

ఆయన మళ్ళీ రేడియో పెట్టుకున్నాడు. ఆమె లేచింది. ఆ గదిలో ఏ వస్తువు ఎక్కడుందో చూస్తూ కాసేపు నిలబడింది. అన్నీ ఆమె సర్దినవే. ఆయన చెయ్యి చాస్తే అందేచోట నీళ్ళ చెంబు. కాలికి తగలకుండా మూలకి జరిపిన ముక్కాలిపీట. చొక్కా గుండీలు సరిగ్గా పడ్డాయో లేదో రోజూ తలుపు దగ్గర చూసి సరిచేసేది. కోపం రావాలి, రాలేదు. ఇంత దగ్గరగా ఉన్న మనిషికి ఇంత దూరంగా ఎలా ఉన్నాను అని మాత్రం అనిపించింది. ఎదురుగా మొహం ఉంది, ఆ మొహం తన వైపే తిరిగి ఉంది, అందులో తను లేదు. కళ్ళకి మంచు పట్టకముందు మాత్రం ఉన్నానా అని ఆలోచించింది. గుర్తు రాలేదు.

దారంతా ఆమె ఒక ఉపాయం అనుకుంటూ వచ్చింది. ఇప్పుడు అదే మిగిలింది. దియోన్ దగ్గరికి వెళ్ళి, రిసిమాటి పంపాడని చెప్పాలి. ఆయనకి అనుమానం వచ్చి నన్ను ఊళ్ళో చూసి రమ్మన్నాడు, అవ్వే అది అని చెప్పాలి. సింహం బతుకుతుంది. ఆయన సీటు ఆయనకి ఉంటుంది. ఒప్పుకోక ఆయన ఏం చేస్తాడు? అందరికీ అన్నీ ఉంటాయి. తను ఎప్పటిలాగే ఉంటుంది.

దియోన్ ఆఫీసులో ఒక్కడే ఉన్నాడు. గోడ మీద అట్ట. మొహాలకి నల్లగీతలు. ఆమె ఆ గది తుడవడానికి తప్ప దేనికీ రాలేదు. ఆయన తల ఎత్తి, “తుడవడం తర్వాత చెయ్యి అమ్మా” అన్నాడు.

తుడవడానికి రాలేదంది. చెప్పింది. ఊరు, దొడ్డి, పెయ్య, వేలు. రిసిమాటి పంపాడని కూడా చెప్పింది. దియోన్ లేచి నిలబడ్డాడు. రెండు మూడు ప్రశ్నలు అడిగాడు. ఏ పాదం, ఎంత లోతు, పిల్లలెన్ని. అన్నిటికీ జవాబు చెప్పింది. ఆయన మొహం వెలిగింది. అట్ట దగ్గరికి వెళ్ళి అవ్వ ఫోటో మీద గీతని బొటనవేలితో రుద్దాడు.

“చూశావా అమ్మా, అదీ రిసిమాటి అంటే. తన మాట తప్పని తనే ఒప్పుకునే ట్రాకర్ని ఇంకొకర్ని చూపించు నాకు. ఈ కాలంలో ఉన్నారా?”

సాసవోన నేల కేసి చూసింది. నేల నున్నగా ఉంది. పొద్దున రూలాని తుడిచి ఉంటుంది.

దియోన్ జిల్లా ఆఫీసుకి ఫోన్ చేసి, సింహం మాదేనేమో, చూసి చెప్తామన్నాడు. చీకటిపడేలోగా ఖాయం చెయ్యకపోతే పొద్దున కాలుస్తామన్నారట అవతల. గోడ మీద తగిలించిన తుపాకీ తీశాడు. తూటాలు జేబులో వేసుకున్నాడు. గబగబా చెప్పుకుపోతున్నాడు. ఇప్పుడే పోదాం. జీపు చేలోకి పోదు, నడిచే పోవాలి. పెయ్యని దాచిన పొద దగ్గరే పడుకుని ఉంటుంది, పిల్లలు పక్కనే ఉంటాయి, పిల్లలున్నప్పుడు అది ఆగదు, మీద పడుతుంది. అందుకే రిసిమాటి ముందుండాలి. ఆయన ముందు నడుస్తుంటే నాకు భయం లేదు. వెళ్ళి ఆయన్ని పిలుచుకురా అమ్మా, నీళ్ళ సీసా నింపిపెట్టు అన్నాడు.

ఆమె కదల్లేదు.

మనిషెత్తు గడ్డి పెరిగిన బీడుచేను అది. అందులో ఆ ముసలాయన ముందు నడుస్తాడు. నేల కేసి వంగి చూస్తాడు. చెయ్యి ఎత్తి ఎటో ఒకవైపు చూపిస్తాడు. ఆయన నడుస్తాడని ఆమెకి తెలుసు. నాకు కనపడదని చెప్పడం కన్నా నడవడమే ఆయనకి తేలిక.

“ఏమైంది?” అన్నాడు దియోన్.

“ఆయన్ని పిలవొద్దు.”

“ఒంట్లో బాలేదా?”

“ఆయన నన్ను పంపలేదు. అది అబద్ధం.” తల ఎత్తి, ఆయన కళ్ళల్లోకి చూసి చెప్పింది. “ఆయనకి జాడ కనిపించదు. పక్కన నిలబడ్డ మనిషి కూడా సరిగ్గా కనిపించదు. నాలుగేళ్ళయింది. నువ్వు జీపు ఎటు తిప్పినా, చూసింది నేను.”

దియోన్ గోడ మీది అట్ట వైపు తిరిగాడు. ఆయన మనసులో ఒక్కొక్క పొద్దునే వెనక్కి నడుస్తున్నాడని ఆమెకి అర్థమైంది. దానికి చాలాసేపు పడుతుంది. వెలుగు అంతసేపు ఉండదు.

“గడ్డిలో నేను ముందుంటాను” అంది సాసవోన. “నా వెనక పది అడుగులు వదిలి రా. మాట్లాడకు.”

ఆమె బయటికి నడిచింది. మెట్ల కింద రిసిమాటి నిలబడి ఉన్నాడు. గదిలో ఉండలేక వెనకే వచ్చినట్టున్నాడు. ఆయన చెవులు మంచివి. ఆమె అడుగుల చప్పుడుకి మొహం ఇటు తిప్పాడు. ఆమె ఆయన పక్కనుంచి, చొక్కా చెయ్యి తగిలేంత దగ్గరగా, ఆగకుండా దాటిపోయింది.